బండే దించాలి

ఆ సందులోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు "పళ్ళమ్మ" అన్న మాట వినగానే సంచీ పట్టుకుని వచ్చి అరటిపళ్ళున్నాయా అని అడిగేవారు. ఆమె కిటికీలోంచి, చేతిలో ఉన్న కింది దవడ సెట్టు పైకెత్తి చూపించి, "నా దగ్గర ఈ పళ్ళేనండీ ఉండేవి. కుళ్ళిపోవు, ఈగలు వాలవు" అనేది. కట్టుడు పళ్ళు తయారుచెయ్యడం ఆమె పని. దంతవైద్యులు రోగి నోటి అచ్చు తీసి ఇస్తే, అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడిన ఆ దిమ్మ మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ అమర్చుకుంటూ వచ్చేది. ఇంటి ముందుగదే పనిగది. బల్ల ఎత్తు ఆమె చక్రాల కుర్చీకి సరిపోయేలా కోయించుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమె కాళ్ళు ఆమె మాట వినవు. చేతులు మాత్రం ఆ రెండింటి పని కూడా తమ నెత్తిన వేసుకున్నాయి.

ఆ రోజు పొద్దున్న ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. ముందు రోజు సాయంత్రం, సెట్లు వైద్యులకిచ్చి తిరిగొస్తుంటే, నడిరోడ్డు మీద బండి వేగం పెంచే తీగ తెగింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి చెవులు చిల్లులు పొడిచారు. మెకానిక్ వచ్చి సైకిలు బ్రేకు తీగ ముక్క ఒకటి అతికించి, "ఇంకోసారి తెగితే నన్ను పిలవకండమ్మా, మ్యూజియం వాళ్ళని పిలవండి" అని చెప్పి పోయాడు. అతను వేళాకోళానికి అన్నా అందులో అబద్ధమేమీ లేదు. ఆ బండి తయారుచేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ముందు ఒక చక్రం, వెనక రెండు. గుండ్రటి ముక్కు, దాని మీద ఒకే ఒక్క లైటు, లోపల ఒకే ఒక్క సీటు. సందులో పిల్లలు దాన్ని చెంబు అనేవారు. ఆ పేరు పెద్దవాళ్ళ నోట కూడా పడి, చివరికి ఆమె నోట కూడా పడింది.

ఆఫీసుకని బయల్దేరిన మేనకోడలు కాసేపటికే తిరిగొచ్చింది. వెంట ఒకతను, చొక్కా జేబులో చిన్న టేపు. ఇద్దరూ ఇంట్లోకి రాకుండా చెంబు దగ్గరే ఆగిపోయారు.

"అత్తా, ఒకసారి బయటికి రా. మా ఇంజనీరు గారు" అని కేకేసింది మేనకోడలు.

ఆమె చేతికున్న మైనం తుడుచుకుని కుర్చీ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి, ఇంజనీరు నేల మీద గొంతుకూర్చుని చెంబు ముక్కు నిమురుతున్నాడు.

"ఇది ఇంకా నడుస్తోందాండీ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నడవకపోతే నేను ఎగిరి తిరుగుతున్నాననుకున్నావా నాయనా?"

అతను నవ్వి లేచి దణ్ణం పెట్టాడు. ఈ బండంటే తనకి చిన్నప్పటి నుంచీ పిచ్చి అన్నాడు. పుస్తకాల అట్టల మీద దీని బొమ్మే వేసుకునేవాడట. నిజం బండిని, అదీ రోజూ రోడ్డెక్కే బండిని చూడటం ఇదే మొదలు. ఇప్పుడు తమ కంపెనీ దీన్నే మళ్ళీ తెస్తోంది, అదే ముక్కు, అదే లైటు, కరెంటుతో నడుస్తుంది, పొగ లేదు, చప్పుడు లేదు అని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. కంపెనీ ప్రచారం పని చూసేది మేనకోడలే. తనింట్లోనే ఈ బండి ఉందని నోరు జారిన దగ్గర్నుంచీ ఇంజనీరు ఆమెని నిలవనివ్వలేదట.

"ఎక్కి చూపించండి అమ్మా" అన్నాడతను ఫోను తీసి పట్టుకుంటూ.

ఆమె కుర్చీని బండి పక్కకి చేర్చి తలుపు వెనక్కి జరిపింది. కింద ఉన్న కడ్డీ లాగింది. సీటు పట్టాల మీద జారుకుంటూ, గుమ్మం దాటి, నాలుకలా బయటికి వచ్చి ఆగింది. పైనున్న ఇనప పిడి పట్టుకుని కుర్చీలోంచి సీటులోకి మారింది. కాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి చేత్తో లోపల పెట్టుకుంది. సీటుతో పాటు తనూ లోపలికి జారి, కుర్చీ మడిచి వీపు వెనక ఖాళీలోకి లాక్కుంది. అంతా కలిపి ఎవరైనా చెప్పులు వేసుకునేంత సేపు.

"ఎంత ముచ్చటగా ఉందో!" అన్నాడు ఇంజనీరు.

"ముచ్చటేమిటి నాయనా. అది రాకపోతే నేను గడప దాటను." స్కూటరుకున్నట్టే ఉన్న హ్యాండిల్ మీద చేతులు వేసింది. "కుడి పిడి తిప్పితే వేగం. మొత్తం హ్యాండిల్‌ని కిందికి నొక్కితే బ్రేకు. కొత్తదీ ఇలాగే చేతుల్తోనేగా?"

"హ్యాండిల్ ఇదేనండీ. అచ్చం ఇదే."

మేనకోడలు ఏదో అనబోయి, తాళాలగుత్తి చేతిలో తిప్పుకుంటూ ఊరుకుంది. అది ఆమె చూసింది. చూసినా పట్టించుకోలేదు. ఆ రోజంతా చేతులు పనిలో వాటంతటవే ఆడాయి. వైద్యుడొకాయన ఫోన్ చేసి, ముసలాయనకి కింది సెట్టు చిగురు నొక్కుతోందట, ఇది మూడోసారి అని విసుక్కుంటే, "పంపండి, పంపండి. నోరు ఆయనది, సర్దుకోవాల్సింది మన సెట్టేగా" అని నవ్వుతూ అంది. ఆమె అంత మెత్తగా మాట్లాడటం ఆ వైద్యుడు ఎన్నడూ ఎరగడు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

వారం తిరక్కుండానే కంపెనీకి రమ్మన్నారు. ఆవిష్కరణ రోజున ఆమె కొత్త బండిలో కూర్చుని ఉండగా తెర లేస్తుందనీ, ఇప్పుడు ఊరికే ఒకసారి కూర్చుని చూస్తే చాలనీ మేనకోడలు చెప్పింది. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. చెంబు దారిలో రెండుచోట్ల దగ్గి ఆగినా తిట్టలేదు.

కొత్త బండి వెన్నరంగులో మెరిసిపోతోంది. నేల అద్దంలా ఉంటే, ఆ నేల మీద మరో బండి తలకిందులుగా ఉన్నట్టుంది. ఆమె కుర్చీని పక్కకి చేర్చి తలుపు జరిపింది. తలుపు వేలితో తోస్తే చాలు, నీళ్ళలో పడవలా జరిగింది. కింద కడ్డీ ఉన్నచోటే ఉంది. లాగింది. సీటు జానెడు వచ్చి టక్కున ఆగిపోయింది.

మళ్ళీ లాగింది. మళ్ళీ టక్కుమంది.

"అది అంతవరకేనండీ" అన్నాడు ఇంజనీరు.

బ్యాటరీలు కింద పెట్టడంతో గుమ్మం కూడా పాతదానికన్నా ఎత్తయింది. సరే, చూద్దామని పైనున్న పిడి పట్టుకుని బరువు వేసింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. అది తోలుపట్టీ. రెండు గుండీలతో అందానికి తగిలించారు. పడబోయిన ఆమెని మేనకోడలు పట్టుకుంది. ఇంజనీరు మొహం పాలిపోయింది. చివరికి ఆ ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టారు. ఆమెని ఇంకొకరు ఎత్తి ఎన్నేళ్ళయిందో. చీర కుచ్చిళ్ళు చెదిరాయి. సర్దుకుంటూ కిందికి చూసింది.

"ఇవేమిటి?"

"పెడల్సండీ."

"పెడల్సని నాకూ తెలుసు. ఇక్కడెందుకున్నాయని."

ఇంజనీరు టేపు బయటికి లాగాడు, వదిలాడు. అది చర్రున లోపలికి పోయింది. "మొదట చేసిన బండికి చేతి బ్రేకే పెట్టామండీ. నడిపి చూడటానికి పదిమందిని పిలిచాం. వాళ్ళంతా కార్లకి అలవాటుపడ్డవాళ్ళు. కాళ్ళతో వెతుక్కుని తికమకపడ్డారు. దాంతో పైవాళ్ళు మార్చమన్నారు."

"మరి ఈ హ్యాండిల్?"

"అది జనానికి నచ్చిందండీ. పాత కళ ఉందని."

ఆమె అలవాటు చొప్పున కుడి పిడి తిప్పింది. తిరగలేదు. అది పిడి కాదు, పిడి లాంటిది. మీట నొక్కితే ముందు నీలం దీపం వెలిగింది. చప్పుడే లేదు. చెంబులో కూర్చుంటే దవడలు కూడా అదురుతాయి. ఇక్కడ తన ఊపిరి తనకే వినబడుతోంది. ఆ మెత్తటి సీటూ, ఆ నిశ్శబ్దం, చేతికి చల్లగా తగిలే ఆ హ్యాండిల్ ఆమెకి నచ్చాయి. నచ్చినందుకే కడుపు రగిలింది. నచ్చకపోతే తిట్టి పోయేది. ఆమె పాదం పెడల్ పక్కన, పక్కింటివాళ్ళు దాచిపెట్టి మరిచిపోయిన సామానులా పడి ఉంది.

"సీటుకేమొచ్చింది నాయనా? అదైనా వదలొచ్చుగా?"

"పట్టాలు పూర్తి పొడుగే ఉన్నాయండీ. సీటు బయటికొస్తే తలుపు పక్క తొడుగుకి గీతలు పడుతున్నాయని అడ్డం పెట్టించారు. రెండు బోల్టులంతే. నేను అడుగుతూనే ఉన్నాను. వచ్చే మోడల్లో..."

"వచ్చే మోడల్ వచ్చేసరికి నాకు నేనే పళ్ళు కట్టుకోవాలి" అంది ఆమె. "దించండి."

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె వంకాయలు తరుగుతుంటే మేనకోడలు గిన్నెలు తోముతోంది. గిన్నెల చప్పుడు అవసరానికి మించి వినిపిస్తోంది.

"నీకు తెలుసు" అంది ఆమె, కత్తి ఆపకుండా.

చప్పుడు ఆగింది. "తెలుసు."

"ఆ రోజు ఇంటి ముందరే తెలుసు."

"చెబితే వచ్చేదానివా?"

"రాను."

"అందుకే చెప్పలేదు." మేనకోడలు చేతులు తుడుచుకుని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "అత్తా, నువ్వొస్తున్నావని అందరికీ చెప్పేశారు. నీ ఫొటోతో పెద్ద బోర్డు కూడా వేయించారు. ఇప్పుడు రానంటే నేను మొహం ఎక్కడ పెట్టుకోను? ఈ ఉద్యోగం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో నీకు తెలీదా?"

"ఎక్కి దిగావు. దిగగలిగావు కాబట్టి."

మేనకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అన్నందుకు ఆమెకి తన మీదే చిరాకేసింది. ఈ పిల్ల చెంబులో తన వీపు వెనక, మడిచిన కుర్చీ మీద కూర్చుని బడికి వెళ్ళింది. తలుపు తియ్యగానే ముందుగా దూకి కుర్చీ విప్పి పెట్టేది. ఈ పిల్ల తెలియక చేసిన పని కాదిది. తెలిసే చేసింది. అదే మింగుడు పడటంలేదు.

"వస్తాను" అంది చివరికి. "కూర్చుంటాను. చెయ్యి ఊపుతాను. నవ్వమంటే నవ్వుతాను. ఎవరైనా ఏమైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

"ఎవరూ ఏమీ అడగరు అత్తా" అంది మేనకోడలు, ముక్కు చీదుతూ.

"అదీ నిజమే" అని ఆమె మిగిలిన వంకాయ అందుకుంది.

ఆవిష్కరణ రోజు కంపెనీవాళ్ళు చెంబుని పొద్దున్నే పట్టుకుపోయి, ఆమె కోసం వేరే కారు పంపారు. వెళ్ళేసరికి చెంబు వేదిక మీద కొత్త బండి పక్కన నిలబడి ఉంది. తోమీ తోమీ దానికి కూడా తళుకు తెచ్చారు. హాల్లో నిప్పు ప్రమాదం లేకుండా పెట్రోలు తోడేశారట. సీటు మీద ఆమె పాత మెత్త కనబడలేదు. అడిగితే, "లోపలెక్కడో పెట్టారండీ" అన్నాడు తెరలు లాగే అతను.

తెర వెనక ఇద్దరు మనుషులు వచ్చి ఆమె చంకల కిందా మోకాళ్ళ కిందా చేతులు వేసి ఎత్తారు. వాళ్ళు మంచివాళ్ళే. "నొప్పెట్టిందా అమ్మా" అని అడిగారు కూడా. ఫొటోగ్రాఫరు కొంచెం వెనక్కి జరిగి కన్ను ముడిచి చూసి, "ఆ కుర్చీ ఫొటోలో పడుతోంది, తీసెయ్యండి" అన్నాడు. వాళ్ళలో ఒకడు చక్రాల కుర్చీని దొర్లించుకుంటూ పక్కతలుపులోంచి తీసుకుపోయాడు. ఆమె అటే చూస్తోంది. కుర్చీ మూల మలుపు తిరిగి కనబడకుండా పోయింది. సరిగ్గా అప్పుడే తెర లేచింది.

చప్పట్లు మోగాయి. కంపెనీ ఎండీ గారు మైకులో బాగా మాట్లాడాడు. ఎందరో అభాగ్యుల జీవితాల్లో వెలుగు నింపిన బండి అన్నాడు. ఈ తల్లి మన స్ఫూర్తి అన్నాడు. ఆమె చెయ్యి ఊపింది. నవ్వింది. ముందు వరసలో నిలబడ్డ మేనకోడలు గట్టిగా ఊపిరి వదలడం అంత దూరం నుంచీ కనబడింది. తర్వాత కాఫీలకి పిలిచారు. వేదిక దిగి అందరూ అటు వెళ్ళిపోయారు. మేనకోడలిని విలేకరులెవరో చుట్టుముట్టి లాక్కుపోయారు.

ఆమె కుర్చీ కోసం చూసింది. ఎవరూ తేలేదు. ఎత్తిన ఇద్దరు మనుషులూ కనబడలేదు. తలుపు తీసే ఉంది. నేల మూరెడు దూరంలో ఉంది. కాఫీ కప్పుల గలగల, నవ్వులు. ఒకరిద్దరు ఆమెకేసి చూసి చెయ్యి ఊపారు. తనూ ఊపింది. కాసేపయ్యాక ఇక ఊపలేదు. ఇంట్లో వంట ఆలస్యమైనా, సెట్టు అచ్చులోంచి పగిలి వచ్చినా ఆమె నోరు ఊరుకోదు. ఇక్కడ మాత్రం ఎవర్ని కేకెయ్యాలో, ఏమని కేకెయ్యాలో తెలియలేదు. నన్ను దించండి అని అరవడం కంటే ఆ పెడల్స్ మీద తల బాదుకోవడం నయమనిపించింది.

కాఫీ అయినవాళ్ళు బండి చూడటానికి రావడం మొదలైంది. మొదట ఒక జంట వంగి లోపలికి చూశారు.

"నడపడానికి ఎలా ఉందండీ?" అన్నాడు భర్త.

"నేను నడపలేదండీ."

"ఇంకా నడపలేదా?"

"ఇక ముందూ నడపను. దీనికి కాళ్ళు కావాలి. నావి పనిచెయ్యవు."

అతను నవ్వాలో వద్దో తెలియక భార్య మొహం చూశాడు. భార్య మాత్రం ఆగి, "మరి మీరు ఇందులో ఎలా ఎక్కారు?" అంది.

"ఎత్తి కూర్చోబెట్టారు."

"దిగడం?"

"దానికోసమేనమ్మా చూస్తున్నాను."

ఆమె ఎత్తిపొడవలేదు. అడిగినదానికి చెప్పింది. వెనక నిలబడ్డ ఒకావిడ ముందుకు తోసుకొచ్చింది. వాళ్ళమ్మకి మోకాళ్ళు వంగవట, కారులో కూర్చోబెట్టాలంటే రోజూ యుద్ధమట. "ఇందులో తేలిగ్గా కూర్చోవచ్చన్నారే?"

"దానిలో కూర్చోవచ్చు" అని ఆమె చెంబుకేసి చూపించింది. "కింద కడ్డీ ఉంటుంది, లాగండి."

ఆవిడ వెళ్ళి లాగింది. సీటు గుమ్మం దాటి బయటికి జారి నిలబడింది. "అమ్మో!" అంది ఆవిడ. కూర్చుని లోపలికి జారింది. మళ్ళీ బయటికొచ్చింది. ఇంకెవరో నేనూ అన్నారు. చూస్తూ ఉండగానే కొత్త బండి చుట్టూ ఉన్న జనం చెంబు చుట్టూ చేరారు. కొందరు అటు కూర్చుని, ఇటు వచ్చి దీని కడ్డీ కూడా లాగేవారు. ఆమెతో సహా సీటు జానెడు కదిలి టక్కుమనేది. "ఇదేమిటండీ, ఇది రాదా?" అనేవారు. "ఇది అంతవరకేనండీ" అనేది ఆమె. అలా అన్న ప్రతిసారీ ఆమె నడుము గుంజుకుపోతోంది.

మేనకోడలు చెమటలు కక్కుతూ కుర్చీ దొర్లించుకొచ్చింది. ఖాళీ పెట్టెల గదిలో పడేశారట. "అత్తా, నేను చూసుకోలేదు, నిజంగా చూసుకోలేదు..." ఆమె వెనకే ఎండీ గారు వచ్చాడు. మొహాన నవ్వు చెక్కుచెదరలేదు. "అమ్మగారు అలసిపోయినట్టున్నారు. మనవాళ్ళు దించేస్తారు" అని చిటికె వేశాడు. ఇందాకటి ఇద్దరూ ముందుకొచ్చారు.

"వద్దు" అంది ఆమె.

"ఒక్క నిమిషం పనేనండీ."

"ఎత్తినప్పుడు తెర ఉంది. ఇప్పుడు లేదు. ఇంతమంది ముందు నన్ను మూటలా మొయ్యొద్దు." ఆమె గొంతు పెరగలేదు. "నా బండి నన్ను దించుతుంది. ఇదీ అలాంటిదేనని మీరే మైకులో చెప్పారు. బండే దించాలి."

ఎండీ గారు మేనకోడలికేసి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకీ అర్థమైంది. మీ అత్తకి చెప్పుకో అని. మేనకోడలు కుర్చీ పిడుల్ని బిగించి పట్టుకుంది. తర్వాత ఆయన వైపు కాకుండా, జనం వెనక నిలబడ్డ ఇంజనీరు వైపు తిరిగింది.

"రెండు బోల్టులేనన్నారుగా. మీ దగ్గర స్పానరుందా?"

ఇంజనీరు ఎండీ గారిని చూశాడు. ఎండీ గారు అడ్డంగా తల ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. చుట్టూ ఫోన్లు ఎత్తిపట్టుకున్నవాళ్ళున్నారు. ఇంజనీరు జేబులోంచి స్పానరు తీసి, కోటు విప్పి, అద్దంలాంటి ఆ నేల మీద వెల్లకిలా పడుకుని తలకాయ సీటు కిందికి దూర్చాడు. మొదటి బోల్టు తేలిగ్గా వచ్చింది. రెండోది మొరాయించింది. మనిషి మెడ మీద నరం తేలేదాకా తిప్పాడు. ఇనపముక్క ఒకటి టంగుమని నేల మీద పడింది.

"లాగండమ్మా" అన్నాడు కింద నుంచే.

ఆమె లాగింది. సీటు కదిలింది, జానెడు దాటింది, తలుపు పక్క వెన్నరంగు తొడుగు మీద కర్రున పొడుగాటి గీత గీసుకుంటూ బయటికి వచ్చింది. ఎండీ గారు పళ్ళు కొరుక్కున్నాడు. మేనకోడలు కుర్చీని పక్కకి చేర్చి దాని బ్రేకు వేసి, చెయ్యి అందించబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. ఆమె కాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి బయటపెట్టుకుని, కుర్చీలోకి మారి, కొంగు సర్దుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మోకాళ్ళ అమ్మ కూతురు మాత్రం, "ఏమండీ, అమ్మే బండిలో కూడా ఇలాగే వస్తుందా?" అని అడిగింది.

"వస్తుందండీ. తప్పకుండా వస్తుంది" అన్నాడు ఎండీ గారు, తడుముకోకుండా.

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! ఇంజనీరు అడిగీ అడిగీ అలసిపోయిన సంగతది. ఆమె ఆయన నోటికేసే చూస్తూ ఉండిపోయింది. ఇంకొకరెవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసింది. బ్రేకు చేత్తో వెయ్యొచ్చా అని. ఒక్కరూ అడగలేదు. వాళ్ళందరికీ కాళ్ళున్నాయి. రంగుల గురించి అడిగారు, ఒకసారి కరెంటు పెడితే ఎంత దూరం వెళుతుందని అడిగారు. ఇంజనీరు గీత మీద వేలితో రాస్తూ కూర్చున్నాడు. మేనకోడలు పెట్రోలు డబ్బా తేవడానికి వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పేపర్లో కొత్త బండి ప్రకటన పడింది. సీటు మొత్తం బయటికొచ్చి ఉంది. దాని మీద పొడుగు కాళ్ళ పిల్ల ఒకతె కాలు మీద కాలు వేసుకుని పగలబడి నవ్వుతోంది. "మీ దగ్గరికే వచ్చే సీటు" అని పెద్ద అక్షరాలు. మేనకోడలు ఆ పేపరు బల్ల మీద విసిరికొట్టి, "చూశావా అత్తా! చూశావా వీళ్ళని!" అని అరిచింది. అప్పటికి మేనకోడలిని ప్రచారం పనిలోంచి తీసేసి, ఫోన్లెత్తే గదిలో కూర్చోబెట్టారు. పొద్దస్తమానం కొనేవాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పడమే.

ఆమె పేపరు దగ్గరికి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "తొడుగు మార్చారు. గీత పడకుండా ఇనప రేకు వేశారు. మంచిపనే" అంది.

"నీకు కోపం రావడంలేదా?"

"వచ్చి వచ్చి అరిగిపోయింది." మళ్ళీ పేపరు చూసింది. కాలు మీద కాలు. కాదు, అరగలేదు. "చేతి బ్రేకు గురించి ఎవరైనా ఫోన్ చేస్తున్నారా?"

మేనకోడలు మొహంలోకి దొంగనవ్వు వచ్చింది. "ఎందుకు చెయ్యరు? నువ్వు అందులో కూర్చుని మాట్లాడింది ఎవరో ఫోన్లో తీసి అందరికీ పంపారు. కాళ్ళు పడిపోయినవాళ్ళూ, కాలు తీసేసినవాళ్ళూ, వాళ్ళ అన్నలూ, కూతుళ్ళూ... నాకేం తెలుసని చెప్పను? అడిగినవాళ్ళని అడిగినట్టే ఎండీ గారి గదికి కలిపేస్తున్నాను. పాపం, ఆయనకి భోజనం చెయ్యడానికి కూడా తీరికలేదట."

ఆదివారం ఇంజనీరు వచ్చాడు. కొత్త బండిని లారీ మీద తెచ్చి సందులో దించాడు. చేతి బ్రేకు పెట్టి చూసి, పనిచేస్తుందో లేదో చెప్పు, అంతకుమించి నాకేమీ చెప్పకు అన్నాడట ఎండీ గారు. పెడల్స్ విప్పేసి, వాటి చోట కడ్డీలు, తీగలు అతికించి హ్యాండిల్‌కి కట్టాడు. చూడటానికి అసహ్యంగా ఉంది. సందంతా గోడలెక్కి చూస్తోంది. ఆమె కడ్డీ లాగి, సీటెక్కి, కుర్చీ వెనక్కి లాక్కుంది. పిడి ఈసారి తిరిగింది. తిప్పీ తిప్పకముందే బండి గుర్రంలా దూకింది. చప్పుడు లేకుండా దూకింది, అది మరీ భయం. ఆమె హ్యాండిల్‌ని శక్తికొద్దీ కిందికి నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆగింది. ఆగేలోపు ఎదురింటి గోడకి ముక్కు గుద్దుకుని ఒక్కగానొక్క లైటు పగిలింది.

ఎదురింటావిడ కెవ్వుమంది. పిల్లలు ఈలలు వేశారు. మేనకోడలు పరిగెత్తుకొచ్చి, "అత్తా, దెబ్బ తగిలిందా? చాలు, దిగిపో, ఇవాళ్టికి చాలు" అంది. ఇంజనీరు నెత్తిన చేతులు పెట్టుకుని రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "సారీ అమ్మా. బ్రేకు తీగ వదులుగా ఉంది. నాది బుద్ధితక్కువ" అంటున్నాడు.

"వదులే కాదు, పిడి కూడా మరీ దురుసుగా ఉంది" అంది ఆమె. మొహం కందగడ్డలా అయింది. మోచెయ్యి గీసుకుపోయి మండుతోంది. "ఇంత దురుసైతే ముసలాళ్ళు చస్తారు. బిగించు. ఆ తీగ బిగించు, పిడి మెత్తబడేలా చూడు."

"ఇప్పుడేనా?"

"మరెప్పుడు? వచ్చే మోడల్లోనా?"

అతను లేచి స్పానరు తీశాడు. ఆమె హ్యాండిల్ మీద నుంచి చేతులు తియ్యకుండా, గోడలెక్కిన జనంకేసి తిరిగి, "చూస్తూ నిలబడతారేంటి? బండిని వెనక్కి తొయ్యండి" అంది.